పనిలో నున్న యంత్రము పలుకవలెను

రేడియో గల ప్రతి యింటివారికిని ఈ అనుభవము ఉండియే యుండును. పాట సాగుచుండగా హఠాత్తుగా ధ్వని ఆగిపోవును. మొదటి రెండు సెకనులు ఎవరును పట్టించుకొనరు. ఐదు సెకనులు గడచుసరికి ఇంటి పెద్ద లేచి మీట త్రిప్పును. పది సెకనులైనచో ఒకరు తీగను కదుపుదురు. మరియొకరు పెట్టె నెత్తిపై చరచుదురు. అక్కడ స్టేషనులో లోపమేమియు లేకపోవచ్చును; తరువాతి కార్యక్రమము సిద్ధమగుచుండవచ్చును. ఆ సంగతి మనకు తెలియదు. "కొద్దిసేపటిలో కార్యక్రమము తిరిగి ప్రారంభమగును" అను ఒక్క మాట వినబడినచో మనలో ఎవరును పెట్టెను ముట్టము. ఆలస్యము మనుష్యుని అంతగా బాధింపదు, మౌనమే బాధించును.

ఇట్టి మౌనము నేడు రేడియోలో కంటె కంప్యూటరులో ఎక్కువగా ఎదురగుచున్నది. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైలు టిక్కెట్లు ఇచ్చు చోట, వీధి మొగనున్న జిరాక్సు దుకాణములో బల్లపై కంప్యూటరు ఉన్నది. ఆంధ్రప్రదేశమున 1998 నవంబరు 4వ తేదీన రిజిస్ట్రేషను కార్యాలయములలో 'కార్డ్' అను కంప్యూటరు పద్ధతి ప్రారంభమైనది. భూమి అమ్మువాడును, కొనువాడును గుమాస్తా ముందరి తెర వంక చూచుచు కూర్చుండుట ఆనాటి నుండి అలవాటైనది. ఆ తెర కదలక నిలిచినప్పుడు గుమాస్తా కంటె ఎదుట కూర్చున్నవాని గుండెయే ఎక్కువగా కొట్టుకొనును. ఏలయన ఆ తెరలో నున్నది వాని భూమి, వాని పింఛను, వాని బిడ్డ చదువు.

పెద్ద పని చేయుచున్నప్పుడు కంప్యూటరు ఏల మూగబోవును? అట్లు మూగబోకుండ ప్రోగ్రామును ఏ విధముగ వ్రాయవలెను? మూగబోయిన యంత్రము ముందు మనము ఎట్లు మెలగవలెను? ఈ మూడు సంగతులను నేటి ప్రసంగమున తెలిసికొందము.

తొగుటలో జరిగిన కథ

సిద్దిపేట జిల్లాలో తొగుట ఒక మండల కేంద్రము. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడునంతవరకు ఇది మెదక్ జిల్లాలో ఉండెడిది. ఈ ప్రాంతముననే మల్లన్నసాగరము అను జలాశయము నిర్మింపబడినది. 50 టి.ఎం.సి.ల నీటిని నిలుపుటకు ఉద్దేశింపబడిన ఆ జలాశయమునకు 2022 ఫిబ్రవరి 23న ప్రారంభోత్సవము జరిగెను. అంతకు పూర్వమే వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలగు గ్రామములవారు ఇండ్లు విడిచి వెడలవలసి వచ్చెను. వారిలో పెక్కుమంది గజ్వేలు దగ్గర కట్టిన కాలనీకి చేరిరి. వారు పుట్టి పెరిగిన ఇండ్లు, ఊరి బొడ్రాయి, బడి మెట్లు ఇక చూతమన్నను కనబడవు. మిగిలినవి జ్ఞాపకములును, సెల్ ఫోనులతో తీసికొనిన ఫొటోలును.

తొగుటలో ఫొటోలు, జిరాక్సులు తీయు చిన్న దుకాణమొకటి నాకు తెలియును. దానిని నడపు యువకుడు పైథాన్ అను కంప్యూటరు భాషలో స్వయముగా చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాయ నేర్చినవాడు. ఒకనాడు నేను అక్కడ నుండగా ముంపు గ్రామమునకు చెందిన ఒక పెద్దాయన వచ్చి, జేబులో నుండి పెన్ డ్రైవు తీసి బల్లపై ఉంచెను. మనుమలు ఊరు విడుచుటకు ముందు తీసిన ఫొటోలన్నియు అందులో నున్నవి. మొత్తము ఇంచుమించు 4,000. కొన్ని అడ్డముగా, కొన్ని తలక్రిందుగా నున్నవి.

"అన్నీ ఒక తీరుగ సక్కగ పెట్టి, లిస్టు రాసి ఇయ్యి బిడ్డా" అని పెద్దాయన కోరెను.

యువకుడు అంతకు వారము ముందే ఈ పనికి తగిన ప్రోగ్రాము వ్రాసికొని యుండెను. తెరపై ఒక చిన్న విండో, అందులో 'ప్రారంభించు' అను ఒక బటను. అది నొక్కినచో ప్రోగ్రాము ఒక్కొక్క ఫొటోను తెరచి, నిలువుగా సరిదిద్ది, అదే పేరుతో అదే చోట తిరిగి వ్రాసి, జాబితాలో చేర్చును. ఒక్కొక్క ఫొటోకు అర సెకను పట్టును. 4,000 ఫొటోలకు 2,000 సెకనులు, అనగా ఇంచుమించు 33 నిమిషములు. పది ఫొటోలతో పరీక్షించినప్పుడు ఐదు సెకనులలో ముగిసినందున అతనికి లోపమేమియు కనబడలేదు.

బటను నొక్కబడెను. నిమిషము గడచెను. పని ఎంతవరకు వచ్చినదో చూతమని యువకుడు విండోపై మౌసుతో నొక్కగా అది తెల్లగా పాలిపోయినది. దాని తలకట్టుపై 'నాట్ రెస్పాండింగ్' అను అక్షరములు వెలసినవి. బటను కదలదు, విండో జరుగదు.

"మిషిను సచ్చిందా బిడ్డా?"

"ఏమో తాతా, కదుల్తలేదు."

మరి నాలుగు నిమిషములు చూచి, యువకుడు ఆ ప్రోగ్రామును బలవంతముగా మూసివేసెను. తరువాత పెన్ డ్రైవు తెరచి చూడగా ఆరు వందలకు పైగా ఫొటోలు చక్కగా సరిదిద్దబడి యున్నవి. యంత్రము చావలేదు. నిమిష నిమిషమునకు 120 ఫొటోల వంతున పని చేయుచునే యుండెను. కాని ప్రోగ్రామును మూసిన క్షణమున ఒక ఫొటో సగము మాత్రమే వ్రాయబడినది. పై సగమున వేపచెట్టు కొమ్మలు, ఇంటి కప్పు కనబడుచున్నవి. క్రింది సగమున, చెట్టు నీడలో కుటుంబమంతయు నిలుచున్న చోట, బూడిద రంగు తప్ప మరేమియు లేదు. మనుమల ఫోనులలో వెదకించినను మరియొక ప్రతి దొరకలేదు.

పెద్దాయన కోపపడలేదు. "నాలుగు వేలల్ల ఒక్కటే గద, పోనీ" అనెను. ఐనను యువకుని ముఖము చూచిన నాకు, ఇది చిన్న సంగతి కాదని తోచినది.

మౌనమునకు కారణము

కంప్యూటరు తెరపై మనకు కనబడు ప్రతి ప్రోగ్రాము వెనుకను కబురుల వరుస యొకటి యుండును. మౌసు కదిపినచో ఒక కబురు. మీట నొక్కినచో ఒక కబురు. విండోను పెద్దది చేసినచో 'నీ రూపమును మరల చిత్రించుకొనుము' అని ఒక కబురు. ఇవన్నియు వచ్చిన క్రమములో వరుసగా నిలుచును. ప్రోగ్రాములోని ప్రధానమైన థ్రెడ్ ఒక్కొక్క కబురును తీసి, దానికి తగిన పని చేసి, తిరిగి వరుస దగ్గరకు వచ్చును. థ్రెడ్ అనగా దారము. ఒక దాని వెంట ఒకటిగా సాగు ఆజ్ఞల పోగు అని భావింపవచ్చును.

రేడియో స్టూడియోలోని అనౌన్సరును తలచుకొనుడు. అతడు మైకు ముందు కూర్చుండును. గడియారము చూచును; చీటీ అందినచో చదువును; రాబోవు కార్యక్రమము పేరు చెప్పును. ఇవన్నియు క్షణములో ముగియు పనులు. కావుననే ప్రసారము ఎడతెగక సాగును. అట్టి అనౌన్సరు తానే లేచి రికార్డుల గదికి పోయి, 4,000 రికార్డులను ఒక్కొక్కటిగా తుడిచి, జాబితా వ్రాయ మొదలిడినచో ఏమగును? అతడు సోమరి కాదు. చెమటోడ్చి పని చేయుచునే యున్నాడు. కాని మైకు ముందు ఎవరును లేరు. చీటీలు గుమ్మము దగ్గర కుప్ప పడుచున్నవి. వినువారికి మాత్రము స్టేషను మూతపడినట్లే తోచును.

తొగుట యువకుని ప్రోగ్రాములో జరిగినది ఇదియే. 'ప్రారంభించు' అను కబురును అందుకొనిన ప్రధాన థ్రెడ్, ఆ పని ముగియువరకు, అనగా 33 నిమిషముల వరకు, వరుస దగ్గరకు తిరిగి రాదు. విండోస్ వ్యవస్థ ఒక ప్రోగ్రాము 5 సెకనుల పాటు తన కబురుల వరుస వంక చూడనిచో అది స్తంభించినదని లెక్క కట్టును. అప్పుడు అసలు విండో స్థానమున పాలిపోయిన నకలు విండో నొకదానిని నిలిపి, తలకట్టుపై ఆ రెండు ఇంగ్లీషు మాటలు చేర్చును. వానికి 'బదులు పలుకుట లేదు' అని మాత్రమే అర్థము. ప్రాణము పోయినదని కాదు. వైద్యుడు కూడ బదులు పలుకని రోగి నాడిని పట్టి చూచిన పిమ్మటనే నిర్ణయించును గదా!

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బాటో బృందము, ఒకే కంప్యూటరును అనేకులు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించెను. యంత్రము ఒక్కొక్కరి పనిని రవ్వంతసేపు చేసి మరియొకరి పనికి మరలును. అందుచేత ప్రతివానికిని యంత్రము తనదే యనిపించును. కాని ఇంటి కంప్యూటరులకు ఈ సౌకర్యము చాల ఆలస్యముగా వచ్చినది. 1992 నాటి విండోస్ 3.1లో ఒక ప్రోగ్రాము తనంత తాను వంతు విడిచినగాని మరియొక ప్రోగ్రామునకు వంతు వచ్చెడిది కాదు. ఒకటి మూగబోయినచో అన్నియు మూగబోయెడివి. 1995లో వచ్చిన విండోస్ 95 నుండి, క్రొత్త పద్ధతిలో వ్రాసిన ప్రోగ్రాముల వంతులను వ్యవస్థయే బలవంతముగా మార్చసాగినది. కావున నేడు ఒక ప్రోగ్రాము నిలిచినను పక్క ప్రోగ్రాములు నడచును. ఐనను ఒక ప్రోగ్రాము లోపలి పనులను ఎట్లు పంచుకొనవలెనో ఆ భారము నేటికిని దానిని వ్రాసినవానిదే.

మనుష్యుని ఓర్పు ఎంత?

ఎంత త్వరగా బదులు పలికినచో చాలును? ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్టు మిల్లరు 1968లో ఈ విషయమై ఒక వ్యాసము ప్రకటించెను. 1993లో జేకబ్ నీల్సన్ తన గ్రంథమున ఇదే విషయమును మూడు కొలతలుగా చెప్పెను. సెకనులో పదవ వంతులో బదులు వచ్చినచో, తాను చేసిన పనికి ఫలితము వెంటనే వచ్చినదని మనుష్యుడు భావించును. ఒక సెకను వరకు ఆలస్యము తెలియును గాని, ఆలోచన తెగదు. పది సెకనులు దాటినచో మనస్సు వేరొక దాని మీదికి పోవును. అప్పుడు పని ఎంతవరకు వచ్చినదో తెలుపక తప్పదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టము చేయవలెను. బదులు పలుకుట వేరు. పని త్వరగా ముగియుట వేరు. 33 నిమిషముల పని నేను చెప్పబోవు ఉపాయములతో 3 నిమిషములకు దిగదు. కాని ఆ 33 నిమిషములును యంత్రము మన మాట వినుచుండును. తన మాట వినిపించుచుండును. దుకాణములో కూర్చున్న పెద్దాయనకు కావలసినది ఇదియే.

రెండు మార్గములు

మొదటి మార్గము పనిని ముక్కలు చేయుట. అనౌన్సరు ఒక్క రికార్డు తుడిచి మైకు దగ్గరకు వచ్చును. చీటీలున్నచో చదివి, మరల పోయి ఇంకొకటి తుడుచును. చిన్న చిన్న పనులకు ఇది చాలును. కాని మన కథలో ఒక్కొక్క ఫొటోకు అర సెకను పట్టుచున్నది. అర సెకనునకు ఒకసారి మాత్రమే కదలు విండో నత్తివాని మాట వలె నుండును. ఒక ఫొటో మరీ పెద్దదై మూడు సెకనులు పట్టినచో మరల మౌనమే.

దీనికే దొడ్డిదారి యొకటి కలదు. పని మధ్యలోనే 'కబురులేమైన నున్నచో ఇప్పుడే చూడుము' అని ఒక ఆజ్ఞ వ్రాయుదురు. చూచుటకు సులువుగా నుండును. అందు ప్రమాదము కలదు. ఆ మధ్య చూపులోనే 'ప్రారంభించు' అను బటను రెండవసారి నొక్కబడినదనుకొనుడు. మొదటి పని సగములో నుండగా రెండవ పని అదే ఫొటోలపై మొదలగును. ఒకే వస్త్రమును ఇద్దరు నేతగాండ్రు రెండు వైపుల నుండి నేసినట్లగును. ఈ దారి పట్టువారు పని మొదలైన వెంటనే ఆ బటనును పని చేయకుండ చేసి తీరవలెను.

రెండవ మార్గము సహాయకుని నియమించుట. అనౌన్సరు మైకు విడువడు. రికార్డుల గదిలో వేరొకడు తుడుచుచుండును. కంప్యూటరులో ఆ రెండవ వానిని సహాయక థ్రెడ్ అనవచ్చును. బటను నొక్కగానే ప్రధాన థ్రెడ్ ఆ పనిని సహాయకునికి అప్పగించి, తాను వరుస దగ్గరకు తిరిగి వచ్చును. నొక్కిన బటను వెంటనే లేచును. విండో ఎప్పటివలె కదలును.

కాని సహాయకునికి తప్పరాని నియమమొకటి కలదు. అతడు మైకు ముట్టరాదు. ఇద్దరు ఒకేసారి మాటలాడినచో వినువారికి ఏ మాటయు తెలియదు. కంప్యూటరులో తెరపైనున్న బటనులు, గీతలు, అక్షరములు ప్రధాన థ్రెడ్ సొత్తు. సహాయక థ్రెడ్ తిన్నగా వానిని మార్చబోయినచో ఒకనాడు సరిగా నడచును. మరియొకనాడు కారణము తెలియకుండ కూలిపోవును. క్యూట్ ఐనను, జావాలోని స్వింగ్ ఐనను, జి.టి.కె. ఐనను ఈ నియమమునే విధించినవి. సహాయకుడు చెప్పదలచినది చీటీపై వ్రాసి మధ్యనున్న పెట్టెలో వేయవలెను; ప్రధాన థ్రెడ్ తీరిక చూచుకొని ఆ చీటీ తీసి తెరపై మార్పు చేయును.

ఈ చీటీల పెట్టెను ప్రతివాడును స్వయముగా కట్టుకొన నక్కరలేకుండ పెక్కు భాషలు తామే ఏర్పాటు చేసినవి. 2005లో డాట్‌నెట్ రెండవ కూర్పునందు బ్యాక్‌గ్రౌండ్ వర్కరు, 2006లో జావా ఆరవ కూర్పునందు స్వింగ్ వర్కరు అను ఉపకరణములు చేర్చబడినవి. 2012లో సి షార్ప్ భాషలో, ఫలితము కొరకు వేచియుండుచునే వంతును విడిచిపెట్టు రెండు క్రొత్త పదములు ప్రవేశపెట్టబడినవి. క్యూట్‌లో 'సంకేతములు' అను పద్ధతి కలదు. ఒక థ్రెడ్ నుండి మరియొక థ్రెడ్‌నకు పంపు సంకేతము దానంతట అదియే వరుసలో చేరును. మన యువకుడు వాడినది పైథానులోని టికింటర్. అందులో ఒక క్యూ నుంచి, సెకనులో పదవ వంతునకు ఒకసారి ప్రధాన థ్రెడ్ దానిని చూచునట్లు ఏర్పాటు చేసిన చాలును.

పైథానులో ఇంకొక చిక్కు కలదు. సాధారణముగా వాడుకలో నున్న పైథానులో అన్ని థ్రెడ్‌లకును ఒకే తాళపుచెవి. అది చేతిలో నున్న థ్రెడ్ మాత్రమే పైథాన్ ఆజ్ఞలను నడపగలదు. ఫొటోలను సరిదిద్దు ఉపకరణములలోని బరువైన లెక్కలు పెక్కు సి భాషలో వ్రాయబడినవి. లెక్క జరుగునంతసేపు అవి ఆ తాళపుచెవిని విడిచిపెట్టును. కావున ఇక్కడ థ్రెడ్ సరిపోయినది. లెక్కయంతయు పైథానులోనే వ్రాసికొనువారు మాత్రము ఆ పనిని వేరు ప్రాసెసుగా, అనగా పక్క గదికి కాక పక్క యింటికే పంపుట మేలు.

మర్యాదలు నాలుగు

సహాయకుని నియమించినంత మాత్రమున పని ముగియలేదు. యంత్రము మనుష్యుని యెడల పాటింపవలసిన మర్యాదలు నాలుగు కలవు.

మొదటిది, పని ఎంత ముగిసినదో చెప్పుట. 1985లో బ్రాడ్ మయర్సు అను పరిశోధకుడు, పని ఎంత శాతము ముగిసినదో చూపు గీత యున్నచో వాడుకరులు దానిని మెచ్చుకొందురని తన వ్యాసమున చూపెను. ఆ గీత నిజము చెప్పవలెను. మొత్తమెంతో తెలిసినప్పుడు '4,000లో 1,260' అని అంకె చూపవలెను. మొత్తము తెలియనిచో తెలియనట్లే, అటునిటు కదలు గీతతో, పని జరుగుచున్నదని మాత్రము చెప్పవలెను. 99 శాతము దగ్గర పావుగంట నిలుచు గీత మౌనము కంటె అన్యాయము.

రెండవది, అతిగా మాటలాడకుండుట. సహాయకుడు ప్రతి చిన్న అడుగునకును చీటీ వ్రాసినచో, ఆ చీటీలు చదువుటలోనే ప్రధాన థ్రెడ్‌నకు కాలము గడచును. మౌనము మాన్పబోయి మరల మౌనమే తెచ్చుకొన్నట్లగును. సెకనునకు పది మార్పులు చూపిన మనుష్యునికి చాలును. అంతకు మించి పంపుట వ్యర్థము.

మూడవది, ఆపుమన్నచో ఆగుట. 'ఆపు' అను బటను తప్పక యుండవలెను. కాని సహాయకుని మెడ పట్టి గెంటరాదు. చేతిలోని పని సగములో పడిపోవును. ఒక చిన్న గుర్తు నిలిపినచో, సహాయకుడు ప్రతి ఫొటో ముగిసిన పిమ్మట దాని వంక చూచి, అది నిలిచి యున్నచో సరంజామా సర్దుకొని వెలుపలికి వచ్చును. విండోను మూయబోయినప్పుడును ఇదే పద్ధతి. చేతిలోని ఫొటో ముగియువరకు వేచి, పిమ్మట మూయవలెను.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. ఉన్నదానిపై వ్రాయరాదు. సరిదిద్దిన ఫొటోను మొదట అదే డిస్కులో వేరొక పేరుతో పూర్తిగా వ్రాసి, అది సంపూర్ణమైన పిమ్మటనే పాత పేరు దానికి పెట్టవలెను. అప్పుడు ప్రోగ్రామును ఎవరైన నడుమ మూసినను పాత ప్రతియో, క్రొత్త ప్రతియో ఒకటి చెక్కుచెదరక మిగులును. ఈ ఒక్క నియమము ఆనాడు పాటింపబడి యున్నచో, యంత్రము మూగబోయినను, యువకుడు తొందరపడినను, వేపచెట్టు నీడలోని ఆ మనుష్యులు నిలిచియే యుందురు.

మనము చేయవలసినది

ప్రోగ్రాములు వ్రాయువారు కొందరే. వాడుకొనువారము అందరము. కావున మనకును కొన్ని జాగ్రత్తలు అవసరము. 'నాట్ రెస్పాండింగ్' అని కనబడగానే ప్రోగ్రామును మూయవలదు. టాస్క్ మేనేజరు తెరచి ఆ ప్రోగ్రాము ప్రాసెసరును గాని, డిస్కును గాని వాడుకొనుచున్నదేమో చూడుడు. అంకెలు మారుచున్నచో లోపల పని జరుగుచున్నట్లు తలచవచ్చును. పెన్ డ్రైవునకు దీపమున్నచో అది మినుకుమినుకు మనుచున్నదేమో చూడుడు. పని జరుగుచుండగా దానిని పెరుకవలదు. పదే పదే బటను నొక్కవలదు. నొక్కిన ప్రతి నొక్కును వరుసలో నిలిచి, యంత్రము తేరుకొనగానే ఒక్కపెట్టున మీద పడవచ్చును. అన్నింటికంటె ముందు, పోయినచో తిరిగి రానిదానికి వేరొక చోట ఒక ప్రతి తీసి యుంచికొనుడు. దుకాణమునకు ఇచ్చునది ఎప్పుడును ఆ ప్రతియే కావలెను. అసలుది ఇంటిలో నుండవలెను.

రెండు వారములు గడచిన పిమ్మట పెద్దాయన మిగిలిన ఫొటోల కొరకు మరల వచ్చెను. యువకుడు ఈ మారు మొదట పెన్ డ్రైవులోని వన్నియు తన డిస్కునకు ఎత్తి, ఆ ప్రతిపైననే పని ప్రారంభించెను. విండోలో ఒక గీత, దాని క్రింద పెద్ద అక్షరములతో తెలుగులో లెక్క, పక్కన 'ఆపు' అను బటను. పెద్దాయన కుర్చీ దగ్గరకు జరుపుకొని అంకెలను బిగ్గరగా చదువుచు కూర్చుండెను. నడుమ టీ వచ్చెను. ఎవరును ఎవరిని ఏమియు అడుగలేదు. రెండు వేలు దాటిన పిమ్మట గజ్వేలు పోవు బస్సు వచ్చు వేళయైనది.

"ఆపితే పోయినయా బిడ్డా, ఉంటయా?"

"ఉంటయ్ తాతా. రేపు ఆడికెంచే మొదలైతది."

యువకుడు 'ఆపు' నొక్కెను. ఒక్క ఫొటో ముగియునంతసేపు ఆగి, విండో తనంత తాను 'ఇంతవరకు భద్రము' అని చూపెను. పెద్దాయన పెన్ డ్రైవును రుమాలులో ముడిచి జేబులో వేసికొని బస్సునకు పోయెను.

33 నిమిషముల పని ఆనాడును 33 నిమిషములదే. మారినదల్లా, యంత్రము తాను చేయుచున్నది చెప్ప నేర్చినది. రేడియో ముందు కూర్చున్న మనకు ఇది తెలియని సంగతి కాదు. పాట రాక ఆలస్యమైనచో ఓర్చుకొందుము. అవతల ఒకరున్నారని, మనలను మరువలేదని ఒక మాట వినబడిన చాలును.